1950, 60ల నాటి రాంచ్ ఇల్లు: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

అమెరికాలో మంచి బడికీ ఆఫీసుకూ దగ్గరగా, చెట్లు ఏపుగా పెరిగిన పాత పేటలో ఇల్లు కావాలనుకునే తెలుగు కుటుంబానికి, డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో అయినా, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అయినా, తరచుగా ఎదురయ్యేది 1950, 60లలో కట్టిన రాంచ్ ఇల్లే. వీధి వెంట పొడుగ్గా సాగిన ఒకే అంతస్తు, వాలు తక్కువగా ఉండే కప్పు, గోడ దాటి బాగా ముందుకు వచ్చే చూరు, వీధివైపు ఒకే పెద్ద అద్దంతో పిక్చర్ విండో, పెరటివైపు పక్కకు జరిగే గాజు తలుపు, ఇంటిని ఆనుకునే ఉండే గరాజ్ దాని గుర్తులు. 1930లలో శాన్ డియాగోలో క్లిఫ్ మే అనే డిజైనర్ పాత కాలిఫోర్నియా పశుక్షేత్రాల ఇళ్ల ధోరణిలో కట్టడం మొదలుపెట్టిన ఈ పద్ధతి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత తిరిగివచ్చిన సైనికులకు గృహరుణాలు అందడంతో దేశమంతటా వ్యాపించింది.

ఇలాంటి ఇల్లు కొన్నవారికి సలహాలు మూడు రకాలుగా అందుతాయి. కట్టిన కాలంలో ఎలా ఉందో అలాగే తిరిగి నిలబెట్టమనేవారు ఒక రకం. లోపలంతా పీకేసి, గోడలు తీసేసి, కొత్త ఇంటిలా చేయమనేవారు రెండో రకం. ఏ గదికి ఆ గది చూసుకొని కొంత ఉంచి కొంత మార్చమనేవారు మూడో రకం. నా మొగ్గు మూడోదాని వైపే, కానీ గదిగదికీ బుద్ధి పుట్టినట్టు మారిస్తే ఇల్లు అతుకుల బొంత అవుతుంది కాబట్టి ఒక నియమం పెట్టుకోవడం అవసరం. తీసేస్తే మళ్లీ అదే ధరలో, అదే నాణ్యతలో దొరకనిది ఏదో ముందు గుర్తించి దాన్ని వీలైనంతవరకు ఉంచాలి; గోడల వెనుకా నేల కిందా ఉండి ఎవరికీ కనబడని తీగలు, గొట్టాల విషయంలో మాత్రం పాతదనం మీద ఏ మమకారమూ పెట్టుకోకూడదు. చాలామంది సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు: అరవై ఏళ్లు నిలిచిన ఓక్ చెక్క నేలను పీకి ప్లాస్టిక్ పలకలు పరుస్తారు, దాని కింద తుప్పుపట్టిన మురుగు గొట్టాన్ని అలాగే వదిలేస్తారు.

ముందు కనబడనివి

1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా ఆ ఏడాదే నిషేధించింది. అలాంటి ఇంట్లో ఒక గదిలో 6 చదరపు అడుగులకు మించి, లేదా బయటి గోడల మీద 20 చదరపు అడుగులకు మించి రంగు వేసిన భాగాన్ని చెక్కినా గీకినా, డబ్బు తీసుకొని పనిచేసే సంస్థకు పర్యావరణ రక్షణ సంస్థ ధ్రువీకరణ ఉండాలన్న నిబంధన 2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు ఖనిజం ఆస్‌బెస్టాస్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 9 అంగుళాల చదరపు నేల పలకలు, వాటి కింది నల్లటి జిగురు, పేలాలు అతికించినట్టు కనిపించే పాప్‌కార్న్ సీలింగ్, సీలింగుకూ కప్పుకూ మధ్య ఖాళీ అయిన అటిక్‌లో వేడి ఆపడానికి పోసిన, పొరలు పొరలుగా విచ్చుకున్న వెండి రంగు వర్మిక్యులైట్ ఖనిజపు గుళికలు, హీటర్ గొట్టాల చుట్టూ ఉన్న తెల్లటి చుట్టలు అనుమానించవలసినవి. చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ముక్కను ప్రయోగశాలకు పంపి తెలుసుకోవడమే మార్గం. ఫలితం వచ్చేవరకు ఆ పలకను పగలగొట్టవద్దు, ఆ సీలింగును గీకవద్దు.

ఉన్నట్టు తేలితే రెండు దారులున్నాయి: అనుమతి ఉన్న నిపుణులతో తీయించడం, లేదా కదపకుండా కప్పేయడం. పగలని, లేవని నేల పలకల మీద కొత్త నేల పరచడం సురక్షితమే, ఖర్చూ తక్కువే. పాప్‌కార్న్ సీలింగు కింద పలుచని డ్రైవాల్ (జిప్సమ్ బోర్డు) బిగించడం కూడా అలాంటిదే, కాకపోతే దాని కోసం కొట్టే మేకులూ స్క్రూలూ పాత పొరను కదుపుతాయి గనుక ఆ పనికీ జాగ్రత్తలు తెలిసినవారే కావాలి. గొట్టాల చుట్టూ ఉన్నదీ అటిక్‌లో రాలిపడేదీ మాత్రం, అక్కడ ఎలాగూ పని జరగబోతోంది గనుక, తీయించడమే మేలు.

విద్యుత్తులో మొదట చూడవలసింది ప్లగ్ రంధ్రాలు. రెండే రంధ్రాలున్న సాకెట్లు ఉంటే ఆ తీగలకు ఎర్తింగు లేదనే అనుకోవాలి. ఇల్లంతా తీగలు మార్చడం ఒక దారి; ఉన్న తీగలకే లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే జీఎఫ్‌సీఐ సాకెట్లు బిగించి, ఎర్తింగు లేదని తెలిపే చీటీ అతికించడం రెండో దారి. రెండోది నిబంధనలు ఒప్పుకునేదే, మనిషికి షాక్ తగలకుండా కాపాడుతుంది కూడా. కానీ కంప్యూటర్లకూ టీవీకీ కావలసిన ఎర్తింగును అది ఇవ్వదు. పడకగదులకు రెండో దారి చాలు, వంటగదికీ ఇంటినుంచి ఆఫీసు పని చేసుకునే గదికీ కొత్త తీగలు లాగించడమే సరైనది. 1960ల మధ్య నుంచి 1970ల తొలినాళ్ల వరకు కట్టిన ఇళ్లలో అల్యూమినియం తీగలు తగిలితే మాత్రం రాజీ వద్దు: పూర్తిగా మార్చడం, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా అందుకోసమే తయారైన కనెక్టర్లతో రాగి ముక్క జతచేయించడం, ఈ రెండే ఉన్నాయి.

నీటి గొట్టాల్లో గాల్వనైజ్డ్ ఇనుము ఉంటే అది ఈపాటికి లోపలినుంచి తుప్పుతో పూడుకుపోయి ఉంటుంది. దాని స్థానంలో రాగి పెట్టాలా, పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం పెట్టాలా అన్నది అందరూ అడిగేదే. రాగి చాలాకాలం నిలుస్తుంది, ఎలుకలు కొరకలేవు; పెక్స్ చవక, గోడలు ఎక్కువ పగలగొట్టకుండా వంచి తీసుకుపోవచ్చు, లోపల నీరు గడ్డకట్టినప్పుడు కొంత సాగుతుంది. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో టెక్సస్‌లో ఎన్ని ఇళ్లలో గొట్టాలు పగిలాయో చూసినవారెవరైనా అక్కడ పెక్స్‌కే ఓటు వేస్తారు. ఇంటినుంచి వీధి వరకు పోయే మురుగు గొట్టంలోకి కెమెరా పంపి చూపించమని, కొనుగోలు పత్రాల మీద సంతకం చేయకముందే అడగాలి. తారు కలిపిన కాగితపు పీచుతో చేసిన ఆరంజ్‌బర్గ్ గొట్టం యుద్ధానంతర ఇళ్లలో ఇంకా బయటపడుతూనే ఉంది. అది బాగుచేసేది కాదు, మార్చవలసిందే.

డాలస్ ప్రాంతపు బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. అక్కడి కాంక్రీటు పలక పునాది ఇళ్లలో తలుపులు బిగుసుకుపోవడం, కిటికీ మూలలనుంచి ఏటవాలు పగుళ్లు రావడం అందుకే. పునాది మరమ్మతు సంస్థను పిలిస్తే స్తంభాలు దింపాలనే చెబుతుంది, ఎందుకంటే అది అమ్మేది అదే. ఏ సంస్థతోనూ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరుకు విడిగా డబ్బిచ్చి నివేదిక తీసుకోవడం అంతకంటే ఎంతో చవక. పునాది లేపిన తర్వాత కింది మురుగు గొట్టాలు పగిలాయేమో పరీక్ష చేయించి, ఆ ఫలితం చేతికి వచ్చాకే కొత్త నేల సంగతి ఆలోచించాలి.

వంటగది గోడ

రాంచ్ ఇంటి బాగుచేతలో అత్యధికంగా డబ్బు పోయేదీ, తర్వాత విచారించేదీ ఇక్కడే. వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసేస్తే ఇల్లు పెద్దదిగా కనిపిస్తుంది, వెలుతురు పెరుగుతుంది, వంట చేసేవారు మాటల్లో కలుస్తారు. అందుకే కాంట్రాక్టరు ఇంట్లో అడుగుపెట్టగానే ఆ గోడ మీద తట్టి "ఇది తీసేద్దాం" అంటాడు. అయితే ఇంటి పొడవునా, కప్పు కొప్పుకు సమాంతరంగా మధ్యలో నడిచే గోడ బరువు మోసేది కావడమే ఎక్కువ. దాన్ని తీస్తే దూలం వేయాలి, ఇంజినీరు లెక్క కట్టాలి, నగరపాలిక అనుమతి తీసుకోవాలి. దూలాన్ని సీలింగు కిందికి దిగేలా పెడితే ఖర్చు తక్కువ, కానీ 8 అడుగుల ఎత్తున్న సీలింగు కింద అది నెత్తిమీద ఉన్నట్టే ఉంటుంది. సీలింగు లోపలికి దాచిపెట్టాలంటే పైనున్న దూలాలన్నింటినీ కోసి హ్యాంగర్లనే లోహపు పట్టీలతో వేలాడదీయాలి, అది రెండింతల పని. కప్పు కింద త్రిభుజాకారపు ట్రస్సులు ఉన్న ఇంట్లో మధ్య గోడలు బరువు మోయకపోవచ్చు, అప్పుడు తీయడం తేలిక; కానీ ఆ ట్రస్సులను కోసి సీలింగును ఎత్తుకు లేపాలనే ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

తెలుగు ఇంటికి అసలు ప్రశ్న దూలం కాదు, పోపు. ఎండుమిరపకాయ, ఇంగువ, ఆవాలు కాగిన నూనెలో పడిన క్షణాన లేచే ఆవిరి అమెరికన్ వంటను లెక్కలో పెట్టుకొని గీసిన ఓపెన్ ప్లాన్‌లో నేరుగా సోఫా గుడ్డలోకీ పడకగదుల దారిలోకీ వెళ్తుంది. రాంచ్ ఇంట్లో మేడ లేదు గనుక పైకి పోవడానికీ చోటు లేదు, అడ్డంగానే ప్రయాణిస్తుంది. కాబట్టి గోడ తీయాలో వద్దో తేల్చేముందు పొగ గొట్టం ఎటు పోతుందో తేల్చాలి. పొయ్యి పైన పొగ లాగే హుడ్‌లలో, బొగ్గు ఫిల్టరుతో అదే గాలిని మళ్లీ గదిలోకి వదిలే రకం మన వంటకు పనికిరాదు. పొయ్యి బయటి గోడకు ఆని ఉండి, వెనుకనుంచో నేరుగా కప్పులోంచో పొట్టి గొట్టంతో గాలిని బయటికి తోసే హుడ్ మేలైనది, ఒకే అంతస్తు కావడం వల్ల రాంచ్ ఇంట్లో ఈ పని రెండంతస్తుల ఇంటికంటే చాలా సులువు. హుడ్ పొయ్యికంటే ఇరువైపులా కొన్ని అంగుళాలు వెడల్పుగా ఉండాలి. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలిని లాగే హుడ్ పెడితే, లాగిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చాలా చోట్ల తప్పనిసరి. గ్యాస్ హీటరు పొగ వెనక్కి తన్నకుండా ఉండటానికే ఆ నిబంధన. గోడ తీసి, మధ్యలో దిమ్మె కట్టి, దాని మీద పొయ్యి పెట్టడం అన్నింటిలోకీ చెడ్డ ఎంపిక అని నా అభిప్రాయం: ఏ వైపూ గోడ లేనప్పుడు హుడ్ ఎంత పెద్దదైనా ఆవిరి పక్కకు జారిపోతుంది.

మధ్యేమార్గాలు ఉన్నాయి. గోడలో సగం ఉంచి పైభాగాన్ని తెరవడం, లేదా గోడలోకే జారిపోయే తలుపు పెట్టడం. ఈ తలుపు రాంచ్ ఇళ్లలో మొదటినుంచీ వాడుకలో ఉన్నదే కాబట్టి ఇంటికి పరాయిగా అనిపించదు, అందులో చెక్క బదులు గాజు పెడితే వెలుతురు కూడా ఆగదు. పోపు వేసేటప్పుడు మూసి, అయ్యాక తెరుచుకోవచ్చు. ఘాటు వంటలకోసం కొత్త కాలనీల్లో విడిగా కట్టే చిన్న వంటగది, మసాలా కిచెన్ కావాలంటే, వంటగదికీ గరాజుకూ మధ్య బట్టలుతికే గది ఉన్న నమూనాల్లో దానికి చోటు దొరుకుతుంది. గరాజులోనే పొయ్యి పెట్టే ఆలోచన మాత్రం మానుకోవాలి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది.

అల్మారాల విషయంలో, అక్కడికక్కడే వడ్రంగి కట్టిన బిర్చ్ ప్లైవుడ్ పెట్టెలు ఉంటే వాటిని పారేయడానికి తొందరపడవద్దు. ఇప్పుడు పెద్ద దుకాణాల్లో దొరికే చౌకరకం అల్మారాల్లో చాలావరకు పొట్టు అదిమిన బోర్డే. సింకు కింద ఒకసారి నీరు కారితే ఉబ్బిపోతుంది. పాత పెట్టెలు ఉంచి తలుపులూ కీళ్లూ సొరుగుల పట్టాలూ మార్చుకుంటే సరిపోతుంది. అయితే వాటి లోతు, ఎత్తు నేటి డిష్‌వాషరుకూ ఫ్రిజ్‌కూ సరిపోతాయో లేదో టేపు పెట్టి కొలుచుకోవాలి, సరిపోకపోతే ఆ ఒక్క వరసనే మార్చవచ్చు.

నేల

ముందు కార్పెట్ కింద ఏముందో చూడాలి. హీటరు గాలి వచ్చే నేల జాలీని పైకి ఎత్తితే నేల అడ్డకోత అక్కడ కనిపిస్తుంది: పైన కార్పెట్, దాని కింద స్పాంజి, దాని కింద ముప్పావు అంగుళం మందపు ఓక్ పట్టీ, దాని కింద బల్లచెక్క. ఆ ఓక్ పట్టీ పక్కవాటం గాడికి పైన ఉన్న చెక్క మందం చూస్తే ఇంకా ఎన్నిసార్లు గీకి నునుపు చేయించవచ్చో అంచనాకు వస్తుంది. కింద ఖాళీ వదిలి కట్టిన ఇళ్లలో రెండుంపావు అంగుళాల వెడల్పు రెడ్ ఓక్ పట్టీలు ఇలా దొరకడం సాధారణం, అదొక నిధి. వాటిని గీకి పాలిష్ చేయించడానికి అయ్యే ఖర్చు కొత్త గట్టిచెక్క నేల ఖర్చులో కొంత మాత్రమే. నల్లటి మరకలున్న చోట పట్టీలు మార్చి అల్లించవచ్చు. నీటి ఆధారిత పాలిష్ రంగు లేకుండా ఉంటుంది, వాసన తక్కువ. నూనె ఆధారితం తేనెరంగు తెస్తుంది, ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కాలపు ఇంటికి తేనెరంగే ఒప్పుతుంది.

కాంక్రీటు పలక మీద కట్టిన ఇంట్లో ఓక్ సాధారణంగా ఉండదు, అక్కడే అసలు పోలిక. వినైల్ పలకలు చవక, నీటికి చెడవు, రెండు రోజుల్లో పరచవచ్చు, కానీ గీత పడితే గీకి సరిచేయడం సాధ్యం కాదు. పైపొర మాత్రమే అసలు చెక్కగా ఉండే ఇంజినీర్డ్ చెక్క కాలికి వెచ్చగా, నిజమైన చెక్కలాగే ఉంటుంది, కానీ కింది కాంక్రీటులోని తేమ కొలిచాకే అతికించాలి. ఫ్లోరిడా ఇళ్లలో మన మొజాయిక్ లాంటి టెరాజో నేల బయటపడితే మరేదీ పరచవద్దు, సానపట్టి మెరుగు పెట్టించండి. మనం చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం, పండుగనాడు నేలమీద కూర్చుంటాం కాబట్టి నేల అరుగుదల తక్కువ, శుభ్రత అవసరం ఎక్కువ. గోడనుంచి గోడకు కార్పెట్ ఈ రెండింటికీ సరిపడదు.

కిటికీలు

పాత ఒంటిపొర అద్దాలు చలికీ ఎండకీ అడ్డుకావు, మార్చాలన్న కోరిక సహజం. మార్చడంలో పొరపాటు మాత్రం ఫ్రేములో జరుగుతుంది. తెల్లటి వినైల్ ఫ్రేము లావుగా ఉండి అద్దాన్ని తినేస్తుంది. అందులో మళ్లీ చిన్నచిన్న గళ్లు ఉన్నది తెచ్చిపెడితే ఇంటి అడ్డ గీత తెగి వీధివైపు ముఖం పాడవుతుంది. సన్నటి అల్యూమినియం ఫ్రేము మధ్యలో వేడి దాటకుండా అడ్డుపొర ఉన్నదీ, ఫైబర్‌గ్లాసుదీ ఖరీదు ఎక్కువైనా రూపాన్ని నిలబెడతాయి. డబ్బు తక్కువైతే వీధివైపు పిక్చర్ విండోకు మంచిది పెట్టి, పక్కలకూ వెనుకకూ వినైల్‌తో సరిపెట్టుకోవచ్చు; లేదా పాతవాటినే ఉంచి, వాటికి జతగా స్టార్మ్ విండోలనే అదనపు అద్దాల ఫ్రేములు బిగించవచ్చు. ఇంధన పొదుపు పనులకు ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది గనుక అమ్మకందారు దాన్ని చెప్పి తొందరపెడితే నమ్మవద్దు.

పడకగదుల సంగతి వేరు. రాంచ్ ఇళ్ల పడకగదుల్లో కిటికీలు గోడ పైభాగాన సన్నటి పట్టీలా ఉండటం మామూలు. చాటు దొరుకుతుంది, కింద మంచం పెట్టుకోవడానికి వీలుంటుంది. కానీ అగ్నిప్రమాదంలో వాటినుంచి మనిషి బయటపడలేడు. నేటి నిబంధన ప్రకారం పడకగది కిటికీ నేలనుంచి 44 అంగుళాలకు మించని ఎత్తులో మొదలై, తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ, నేలమట్టపు గదుల్లో 5 చదరపు అడుగుల ఖాళీ ఇవ్వాలి. ఇక్కడ రూపాన్ని పక్కనపెట్టి, ప్రతి పడకగదిలో కనీసం ఒక కిటికీని కిందికి దించడమే నా సలహా.

స్నానాల గది, అమ్మానాన్నల కోసం

రాంచ్ ఇల్లు మన కుటుంబాలకు నచ్చడానికి పెద్ద కారణం మెట్లు లేకపోవడమే. ఇండియానుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే పైఅంతస్తు పడకగది నిత్యశిక్ష. అయితే ఆ కాలపు స్నానాల గదుల తలుపులు కొన్నిచోట్ల 24 అంగుళాలే ఉంటాయి, నడక సాయం పరికరం లోపలికి పోదు. పైగా టబ్ అంచు దాటి లోపలికి దిగాలి. టబ్ బయటి నేలకు నీరు పోయే దారి ఉండదు, అది తడవడానికి కట్టింది కాదు, అందువల్ల బకెట్టూ చెంబూ పట్టుకొని టబ్‌లోనే నిలబడి స్నానం చేసే పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం అక్కడే ఎక్కువ.

గులాబీ, నీలం, పుదీనా రంగు టైల్స్ ఉన్న స్నానాల గది చూసి ముఖం చిట్లించేవారు చాలామందే. 1953లో అధ్యక్షుడి సతీమణి మేమీ ఐసెన్‌హోవర్ గులాబీ దుస్తులతో కనిపించిన తర్వాత ఆ రంగు ఇళ్లలోకి జోరుగా ప్రవేశించింది. రంగు సంగతి ఎలా ఉన్నా పనితనం గట్టిది: ఇనుప జాలీ మీద మందంగా సిమెంటు పరచి అతికించిన టైల్స్ అవి. వేలి కణుపుతో వరసగా తట్టండి. గట్టిగా పలికితే ఇంకా దశాబ్దాలు నిలుస్తాయి, బోలుగా పలికితే వెనుక పట్టు వదిలినట్టు, నీరు చేరి ఉండవచ్చు. ఇంట్లో రెండు స్నానాల గదులుంటే, గట్టిగా ఉన్నదాన్ని పిల్లలకోసం అలాగే ఉంచి కుళాయిలూ అద్దమూ దీపాలూ మార్చి, రెండోదాన్ని పెద్దలకోసం పూర్తిగా విప్పి కట్టడం మంచి పంపకం. ఆ రెండోదానిలో గట్టు లేని షవరు, గోడల పైదాకా నీరు చొరని పొర, కూర్చోవడానికి బల్ల, చేతిషవరు, 32 అంగుళాల ఖాళీనిచ్చే తలుపు, పట్టుకునే కడ్డీల కోసం గోడ లోపల ముందుగానే బిగించిన చెక్కదిమ్మెలు ఉండాలి. కడ్డీలు ఇప్పుడే అక్కర్లేదు, దిమ్మెలు మాత్రం గోడ తెరిచి ఉన్నప్పుడే పెట్టాలి. పాత టబ్‌కు కొత్త పూత వేయించడం చవకైనదే కానీ పదేళ్లకు మించి ఆశించకూడదు.

ఇటుక, పై అంతస్తు

ఇటుక గోడలకు తెల్లరంగు వేసి కిటికీలకు నల్ల ఫ్రేములు పెట్టడం కొంతకాలంగా నడుస్తున్న మోజు. వద్దు. రంగు ఇటుక ఊపిరిని మూసేస్తుంది, లోపలి తేమ బయటికి పోక పెచ్చులూడుతుంది, ఒకసారి వేశాక ఏళ్లకేళ్లు వేస్తూనే ఉండాలి. ఇటుక రంగు బొత్తిగా నచ్చకపోతే సున్నం పూత ఉంది, అది గాలి ఆడనిస్తుంది.

చోటు చాలకపోతే పైన అంతస్తు వేయాలా, వెనక్కి పెంచాలా అన్న ప్రశ్నలో వెనక్కి పెంచడమే దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది: పునాది రెండో అంతస్తు కోసం వేసింది కాదు, పని సాగినంతకాలం ఇల్లు ఖాళీ చేయాలి, మెట్లకు పోయే చోటు ఒక గదికి సమానం.

ఐక్లర్ ఇల్లయితే

జోసఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్లు కట్టించాడు. వాటిని మామూలు రాంచ్ ఇళ్ల లెక్కన చూడకూడదు. అటిక్ లేదు, పైకి చూస్తే కనిపించే చెక్కబల్లలే కప్పు, కాబట్టి ఇన్సులేషన్ అంతా కప్పు పైననే వేయాలి, ఫోమ్ పూతతోనో గట్టి పలకలతోనో. కప్పు వేసేవాళ్లు పొడుగు మేకులు వాడితే వాటి మొనలు హాల్లోకి దిగుతాయని ముందే హెచ్చరించి, ఒప్పందంలో రాయించుకోండి. నేలలో వేడినీటి గొట్టాలు పరచిన తాపన పద్ధతి చెడితే, కారుతున్న చోటు కనిపెట్టి బాగుచేయించడమా, వదిలేసి గోడకు బిగించే, ఏసీ లాంటి హీట్ పంపులు పెట్టించడమా అన్నది గొట్టం లోహాన్ని బట్టి ఉంటుంది: రాగి అయితే బాగుచేయవచ్చు, ఇనుము అయితే ఒకచోట మూస్తే మరోచోట కారుతుంది. హీట్ పంపు వేసవిలో చల్లదనమూ ఇస్తుంది, పాత పద్ధతి ఇవ్వదు. పాలో ఆల్టో, సన్నీవేల్, కుపర్టినోలలో ఈ ఇళ్లకు ప్రత్యేక డిజైన్ సూచనలు ఉన్నాయి, కొన్ని పేటల్లో రెండో అంతస్తుకు అనుమతే లేదు. పాలో ఆల్టోలోని గ్రీన్‌మెడో, గ్రీన్ గేబుల్స్ పేటలు 2005 నుంచి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉన్నాయి. నగరపాలికలో అడిగి తెలుసుకున్నాకే డిజైనరు దగ్గరకు వెళ్లడం మంచిది.

అలంకరణ

8 అడుగుల సీలింగు కింద ఎత్తైన చెక్కిన బీరువాలూ భారీ షాండ్లియరూ గదిని కుదించేస్తాయి. సన్నటి కాళ్ల మీద నిలబడి, కింద నేల కనిపించనిచ్చే తక్కువ ఎత్తు ఫర్నిచర్ అదే గదిని విశాలంగా చూపిస్తుంది. ఆ కాలపు పేరున్న నమూనాలను అసలు తయారీదారుల దగ్గర కొనడమా, నకళ్లు కొనడమా అంటే, రోజూ కూర్చునే ఒక కుర్చీకో దీపానికో అసలుది కొని, మిగతావి ఇంటి పాత సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో దొరికే పేరులేని టేకు సామాను తీసుకోవడం నాకు తెలివైన పద్ధతి అనిపిస్తుంది. పేరులేకపోయినా అది గట్టి పనితనమే.

ఈ ఇంటికి తెలుగు వస్తువులు పరాయివి అవుతాయేమోనన్న సంకోచం అక్కర్లేదు. ఆ తరం డిజైనర్లు మన చేతిపనులను కళ్లారా చూసినవారే: న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో 1955లో జరిగిన భారతీయ వస్త్రాల ప్రదర్శనను అలెగ్జాండర్ జిరార్డ్ అమర్చాడు, ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబు ఆకారాన్ని పనిగట్టుకొని మెచ్చుకున్నారు. పోచంపల్లి ఇక్కత్ గళ్లూ వజ్రాకారాలూ ఈ ఇంటి సరళ రేఖలకు సహజంగా అమరుతాయి. నిండుగా బొమ్మలున్న కలంకారీ ఒక గోడకు ఒకటి చాలు, పైగా పిక్చర్ విండో ఎండ పడేచోట పెడితే రంగు వెలుస్తుంది. ఉయ్యాల బల్ల వేలాడదీయాలనుకుంటే సీలింగు డ్రైవాల్‌కు పైనున్న సన్న దూలాలు ఊగే బరువుకు చాలవు, అదనపు దిమ్మెలు వేయించి ఇంజినీరుకు చూపించాకే కొక్కేలు బిగించాలి. నేలమీద నిలబడే ఫ్రేముతో వచ్చేది తీసుకుంటే ఆ గొడవే ఉండదు. దేవుడికి గుమ్మం పక్కన చలికోటులు తగిలించే అల్మారాను కేటాయించేవారు చాలామంది ఉన్నారు. ఆలోచన బాగానే ఉంది కానీ మూడు వైపులా మూసిన ఆ చోట నూనె దీపం ప్రమాదం, లోపల విద్యుద్దీపం పెట్టి వత్తి దీపాన్ని బయట పీట మీద వెలిగించండి.

హాల్లో పైన దీపమే లేకపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ రోజుల్లో స్విచ్ వేస్తే గోడ సాకెట్‌కు తగిలించిన నిలువు దీపం వెలిగేది. సీలింగంతా గుండ్రటి దీపాలతో నింపేయడం కంటే నాలుగు మూలలా అలాంటి దీపాలు పెట్టుకోవడమే ఈ ఎత్తుకు ఒప్పుతుంది, చదువుకునే బల్ల దగ్గరా వంటగదిలోనూ మాత్రం పైనుంచి వెలుతురు కావాలి.

పని ఎవరికి అప్పగించాలి

మొత్తం పనికి ఒకే ధర చెప్పే ఒప్పందం, అయిన ఖర్చు మీద శాతం తీసుకునే ఒప్పందం, మీరే ఒక్కొక్కరినీ పిలిచి చేయించుకోవడం అని మూడు పద్ధతులున్నాయి. గోడలు తెరవబోయే పనికి, లోపల ఏముందో ఎవరికీ తెలియదు గనుక, ఒకే ధర చెప్పినవాడు అనుమానాన్ని కూడా కలుపుకొనే చెబుతాడు. అందుకే ముందు పగలగొట్టే పనికి విడిగా ఒప్పందం చేసుకొని, లోపలిది బయటపడ్డాక మిగతా పనికి స్థిర ధర అడగడం మంచిది. మీరే చేయించుకోవడం నేల, రంగు, దీపాలకు సరిపోతుంది, దూలానికీ మురుగు గొట్టానికీ కాదు. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, ప్లంబరుకూ ఎలక్ట్రీషియనుకూ ఉంది, కాబట్టి అక్కడ బీమా పత్రాలూ పాత పనులూ మీరే చూసుకోవాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు తప్పనిసరి, ఇంటి బాగుచేత పనికి ముందస్తుగా 1,000 డాలర్లు లేదా ఒప్పందంలో పదో వంతు, ఏది తక్కువైతే అంతకు మించి సాధారణంగా అడగకూడదు. అనుమతి పత్రం కాంట్రాక్టరు పేరుమీదే తీయించండి. మీ పేరుమీద తీస్తే బాధ్యత మీ మీద పడుతుంది. నగరపాలిక ఇన్‌స్పెక్టరు తుది ఆమోదం వచ్చాక, పనివాళ్లకూ సరుకు అమ్మినవాళ్లకూ డబ్బు అందిందనీ మీ ఇంటి మీద ఎవరికీ హక్కు లేదనీ తెలిపే లీన్ విడుదల పత్రాలు చేతికి వచ్చాకే ఆఖరి చెక్కు ఇవ్వాలి.